పాత్ర ఎవరిది, ఎంతసేపటికి: తిరుపతిలో మా చర్చలు నడిపిన తీరు

బీడీఎస్ఎం గురించి, అంటే ఇష్టపడి ఒకరు ఏలడం, ఇంకొకరు లొంగడం ఉండే దగ్గరితనం గురించి, మేము నడిపే చర్చల్లో పాత్రల పేచీ పరిచయాల దగ్గరే మొదలవుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోగానే "నేను డామ్" (ఏలేవాణ్ణి), "నేను సబ్" (లొంగేదాన్ని) అని చెప్పుకుంటారు. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్ళు మిగతా లెక్కంతా తేల్చేసుకుంటారు. డామ్ అన్నాడంటే అన్నీ ఇతనే నిర్ణయిస్తాడు, ఇతనికి భయం ఉండదు, ఇతన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సబ్ అన్నదంటే కాదనదు, నొప్పి ఓర్చుకుంటుంది, కాళ్ళు పడుతుంది, టీ కూడా తనే తెచ్చిపెడుతుంది. వీటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అందుకని మేము నడిపే చిన్న బృందంలో మొట్టమొదట మార్చింది పరిచయం చేసుకునే పద్ధతినే. ఏ పేరుతో పిలవాలి, ఏ సంగతి మాట్లాడాలని వచ్చారు, ఏ ప్రశ్న అడిగితే ఇబ్బంది. ఈ మూడు చెబితే చాలు. పాత్ర ఊసు మొదటిరోజు రాదు.

ఈ మాటలు కొత్త అయినవాళ్ళకు రెండు ముక్కలు. ఇద్దరు పెద్దవాళ్ళు ముందే మాట్లాడుకుని, ఇష్టపడి, కట్టడం, ఆజ్ఞ ఇవ్వడం, లొంగి ఉండడం, ఓర్చుకోగలిగినంత నొప్పి లాంటివి తమ దగ్గరితనంలో భాగం చేసుకుంటే దాన్ని బీడీఎస్ఎం అంటారు. ఆ కాసేపు సీన్. చేతులు కదిపేవాళ్ళు టాప్, చేయించుకునేవాళ్ళు బాటమ్. అధికారం తీసుకునేవాళ్ళు డామ్, అప్పగించేవాళ్ళు సబ్. రెండువైపులా ఇష్టం ఉన్నవాళ్ళు స్విచ్. టాప్, డామ్ ఒకటే అనుకోవడం దగ్గర సగం గొడవలు పుడతాయి. ఆ సంగతి కాస్త ఆగి చెప్తాం.

తిరుపతిలో ఇలాంటి సమావేశం పెట్టాలంటే ఊరి తీరు తెలిసి పెట్టాలి. లీలామహల్ సర్కిల్లో ఎవరితో టీ తాగామో సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోయే ఊరు ఇది. యూనివర్సిటీల్లో చదివేవాళ్ళు, ఆఫీసు ఉద్యోగులు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, చిత్తూరు నుంచి బస్సులో వచ్చేవాళ్ళు, అందరికీ ఎక్కడో ఒకచోట చుట్టరికం తగులుతుంది. కొండమీద గానీ, గుళ్ళ చుట్టుపక్కల గానీ ఎప్పుడూ కలవం. పగటిపూట, కుటుంబాలు వచ్చే హోటల్లో, గోడవైపు బల్ల. ఎనిమిది మందికి మించితే మాట రెండు ముక్కలవుతుంది కాబట్టి అంతకు మించి పిలవం. తాళ్ళు, బెల్టులు తెచ్చి చూపించడం, ఫోటోలు, మందు, ఏవీ ఉండవు. పద్దెనిమిది నిండినట్టు కార్డు చూస్తాం, దాని ఫోటో తీసుకోం. లాడ్జి గది ఎందుకు వద్దంటే ఆధార్ జిరాక్సు ఒక్కటే కారణం కాదు. నచ్చనివాళ్ళు లేచి వెళ్ళిపోవాలంటే మూసిన తలుపు కన్నా తెరిచిన హోటలు సులువు.

మన పక్క ఎవరినైనా అన్నా, అక్కా అనే పిలుస్తాం. ఆ పిలుపు తీసేస్తే నోరు పెగలదు. అలాగని వదిలేస్తే వయసులో పెద్దాయన ఎవరూ అడగకుండానే డామ్ అయి కూర్చుంటాడు, ఇరవై రెండేళ్ళ అబ్బాయి తల ఊపుతూ ఉండిపోతాడు. పిలుపులు ఉంచి, మాట్లాడే వరస మార్చాం. వయసులో చిన్నవాళ్ళు ముందు, ఆడవాళ్ళు మగవాళ్ళ కన్నా ముందు, అన్నయ్యలు ఆఖర్న. ఇది చిన్న మార్పే గానీ చర్చ రుచి మొత్తం మారిపోయింది. పెద్దాయన ముందు మాట్లాడిన రోజున వచ్చే అభిప్రాయాలు, ఆఖర్న మాట్లాడిన రోజున వచ్చేవి ఒకటి కావు.

వాదనలు ఎక్కడెక్కడ మొదలైనా చివరికి రెండు వాక్యాల దగ్గరకు చేరతాయి. ఒకటి: "ఆడది లొంగడం, మగాడు ఏలడం ప్రకృతి, దీంట్లో చర్చ ఏముంది?" రెండోది: "రోజుకో పాత్ర మార్చేవాళ్ళను ఎట్లా నమ్మేది? రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టు."

మొదటిదానికి చరిత్రే జవాబు. ఈ ప్రకృతి వాదానికి డాక్టరు కోటు తొడిగింది జర్మన్ మాట్లాడే వైద్యులు. 1890లో క్రాఫ్ట్-ఎబింగ్ అనే మానసిక వైద్యుడు, నొప్పిలో, లొంగడంలో ఆనందం పొందడానికి మాసోకిజం అనే పేరు ప్రచారంలోకి తెచ్చిన రోజుల్లోనే, లొంగడం ఆడవాళ్ళకు సహజమనీ, అదే మగవాడిలో కనిపిస్తే జబ్బనీ తేల్చేశాడు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1924లో రాసిన వ్యాసంలో ఒక రకం మాసోకిజానికి ఏకంగా స్త్రీ స్వభావమనే ముద్ర వేశాడు. అదే ఫ్రాయిడ్ 1905లో, బాధించడంలో ఆనందం పొందేవాడికి బాధపడడంలోనూ ఆనందం ఉంటుందని చెప్పి ఉన్నాడు. అంటే స్థిరమైన పాత్ర అనేది ఆ పెద్దమనిషి దగ్గరే నిలకడగా లేదు. ఇప్పుడు వైద్యం ఆ దారి వదిలేసింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకం) అసాధారణ కోరికను, జబ్బును విడదీసింది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 అనే జబ్బుల పట్టికలో పరస్పర ఇష్టంతో జరిగేది దానంతట అదే జబ్బు కాదు, ఇష్టం లేనివాళ్ళ మీద చేసే హింస జబ్బు. ఎవరు పైన, ఎవరు కింద అన్నది అందులో ఎక్కడా ప్రశ్నే కాదు.

"ఇదంతా పడమటి గాలి" అనేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు కామసూత్రం రెండో అధికరణం గుర్తు చేస్తాం. స్త్రీ పురుషుడి పాత్ర తీసుకోవడం మీద, పురుషాయితం పేరుతో, ప్రత్యేకంగా అధ్యాయమే ఉంది. దెబ్బల అధ్యాయంలో హెచ్చరికలూ ఉన్నాయి: కుంతల దేశపు శాతకర్ణి శాతవాహనుడు కర్తరి అనే దెబ్బతో మహాదేవి మలయవతి ప్రాణం తీశాడని వాత్స్యాయనుడు ఉదాహరణ ఇచ్చి మరీ ఇలాంటివి వద్దన్నాడు. సేఫ్టీ గురించిన ఈ పాత హెచ్చరికలో మన దక్కను రాజే దోషి! ఇక పదహారో శతాబ్దంలో నంది తిమ్మన పారిజాతాపహరణం కావ్యంలో సత్యభామ కృష్ణుణ్ణి ఎడమకాలితో తన్నితే, ఆయన తనను ఆమె దాసుడిగా చెప్పుకుని, ఆ తాపు తనకు మన్ననే అంటాడు, తన ఒంటి గగుర్పాటు ముళ్ళలా ఆమె పాదానికి గుచ్చుకుని ఉంటుందేమోనని బాధపడతాడు. దేవుణ్ణి సాక్ష్యానికి పిలుస్తున్నామని కాదు. తెలుగు పాఠకుడు అయిదు వందల ఏళ్ళుగా ఈ పద్యం చదివి మురిసిపోతూనే ఉన్నాడు, ప్రకృతి తలకిందులైందని ఎవరూ గోల పెట్టలేదు. గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టడాన్ని కూడా కొందరు ఈ వాదనలోకి తెస్తుంటారు. అది మొక్కు. దాన్ని ఇందులోకి లాగొద్దని అంటాం, సాధారణంగా అందరూ ఒప్పుకుంటారు.

రెండో వాక్యం, స్విచ్‌ల మీద అనుమానం, ఎక్కువగా అమెరికా గే లెదర్ బృందాల (తోలు బట్టలు గుర్తుగా పెట్టుకున్న స్వలింగ ఇష్టమున్న మగవాళ్ళ) నుంచి పాకివచ్చింది. అక్కడ తాళాల గుత్తి ఎడమపక్క తగిలిస్తే టాప్, కుడిపక్క తగిలిస్తే బాటమ్ అని గుర్తు ఉండేది. జనంలో ఒక చూపుతో తెలియాలి, పోలీసులకు తెలియకూడదు కాబట్టి గుర్తు ఒక్కటే ఉండాలి. ఆ అవసరం కాస్తా తర్వాత నియమమై కూర్చుంది. 1971లో న్యూయార్క్‌లో యూలెన్‌స్పీగెల్ సొసైటీ, 1974లో శాన్ ఫ్రాన్సిస్కోలో సొసైటీ ఆఫ్ జేనస్, 1978లో అక్కడే స్త్రీల బృందం సామోయి మొదలయ్యాక, ఆడా మగా, గే, స్ట్రెయిట్ అందరూ కలిసేసరికి ఒక్క గుర్తు సరిపోక వాదన పైకి వచ్చింది. మన దగ్గర తాళాల గుత్తి గొడవ లేదు, బొడ్లో దోపుకున్న తాళాలు చూసి ఎవరూ ఏమీ అనుకోరు. కానీ అనుమానం మాత్రం చెన్నై, బెంగళూరు మీదుగా బస్సెక్కి వచ్చేసింది.

ఈ వాదనలు నోటితో గెలిచేవి కావు. కాగితం మీదకు దించాం.

ఏ4 కాగితాన్ని అడ్డంగా తిప్పి గళ్ళు గీసుకోవాలి. ఎడమ గడిలో పని: చేతులు కట్టడం, కళ్ళకు గుడ్డ, చేత్తో కొట్టడం, ఆజ్ఞ ఇవ్వడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం, తిట్టడం, సేవ చేయించడం, మౌనంగా ఉంచడం. పాతిక వరుసలు చాలు. బయట దొరికే రెండు వందల వరుసల జాబితాలు నింపేసరికి చివరి పేజీ ఎవరూ చదవరు, అన్నిటికీ ఒకే టిక్కు పెట్టేస్తారు. ప్రతి వరుసకు ఎదురుగా రెండు గడులు: నేను చేయడం, నాకు చేయడం. రెండింటిలోనూ 0 నుంచి 5 అంకె. 0 అంటే ఎప్పటికీ వద్దు, దాని మీద బేరం లేదు. 1, 2 అంటే ఇప్పుడు వద్దు. 3 అంటే షరతు మీద, ఆ షరతు పక్క గడిలో రాయాలి, రాయకపోతే 0 కిందే లెక్క. 4, 5 ఇష్టం. ఆపైన ఇంకో రెండు గడులు: ఎంతసేపు, ఎవరి ఎదుట. ఖాళీ వదిలిన గడి ఎప్పుడూ వద్దు అనే అర్థం. డామ్, సబ్ అన్న మాటలు కాగితం మీద ఎక్కడా రావు.

ఇద్దరూ వేరు వేరు గదుల్లో, లేదా వేరు రోజుల్లో నింపాలి. అరగంట పడుతుంది. పక్కపక్కన కూర్చుని నింపితే ఒకరి అంకె చూసి ఇంకొకరు దిద్దుకుంటారు, ఎక్కువగా ఆడవాళ్ళు మగవాళ్ళ అంకె వైపు జరుగుతారు. "మా ఆవిడది కూడా నేనే నింపేస్తా, తనకేం కావాలో నాకు తెలుసు" అన్న భర్తల కాగితం చించేసి కొత్తది ఇస్తాం. తర్వాత ఎదురెదురుగా పెట్టి, ఒకరి "చేయడం" గడిలోనూ ఇంకొకరి "నాకు చేయడం" గడిలోనూ 4 గానీ 5 గానీ ఉన్న వరుసలకే గుండ్రం చుట్టాలి. మొదటి సీన్ ఆ గుండ్రాల్లోంచే. 3 ఉన్నవి ఆ రోజుకు ముట్టుకోరు, షరతు ఎట్లా తీరుతుందో మాట్లాడాక ఇంకో రోజు.

ఈ కాగితం నింపాక పాత్ర అనే మాట దానంతట అదే విడిపోతుంది. తాడు కట్టడంలో 5, ఆజ్ఞ ఇవ్వడంలో 1 పెట్టినవాళ్ళు ఉంటారు. వాళ్ళకు చేతిపని ఇష్టం, అధికారం వద్దు. ఎదుటివాళ్ళు "ఇక్కడ కట్టు, ఇంకాస్త బిగించు" అంటుంటే కట్టడమే వాళ్ళ ఆనందం. వాళ్ళు టాప్, డామ్ కాదు. వెనక్కి వాలి కూర్చుని, ఒంటి మీద దెబ్బ ఎక్కడ, ఎన్ని, ఎప్పుడు పడాలో తామే ఆజ్ఞాపించేవాళ్ళూ ఉంటారు. తగిలేది వాళ్ళకే, ఏలేదీ వాళ్ళే. సేవ చేయడంలో 5, నొప్పికి 0 పెట్టిన సబ్‌ను "నువ్వు సబ్‌వే కాదు" అని తీసిపారేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అందుకే కాగితం అడుగున నాలుగు ప్రశ్నలు అచ్చువేశాం: నిర్ణయం ఎవరిది, చేతులు ఎవరివి, ఒంటికి తగిలేది ఎవరికి, ముచ్చట తీరేది ఎవరికి. ఈ నాలుగింటికీ ఒకే పేరు రావాలన్న రూలు లేదు. ఒకే పేరు వచ్చిందా, అదీ తప్పు కాదు. ఏళ్ళ తరబడి ఒకే పాత్రలో హాయిగా ఉన్నవాళ్ళను మీరు వెనకబడ్డారు, మారండి అని తొందరపెట్టడం మా దృష్టిలో ఇంకో రకం పెత్తనం. అడిగాక స్థిరపడిన పాత్రతో మాకు పేచీ లేదు. అడగకుండా అంటించిన దానితోనే.

పెళ్ళైన జంటల దగ్గర ఈ పని చాలా నెమ్మదిగా నడుస్తుంది. కారణం అందరికీ తెలిసిందే. మన ఇళ్ళలో భార్య అణిగి ఉండడం ముందే ఉంది, దానికి ఎవరి సంతకమూ అక్కరలేదు. ఆ మీద సబ్ అనే ముద్దుపేరు వచ్చి పడితే భర్తకు పాత అలవాటుకు కొత్త అనుమతి పత్రం దొరికినట్టే. అందుకని జంటలను మూడు సంగతులు అడుగుతాం, ఇద్దరినీ విడివిడిగా. సీన్ మధ్యలో ఆమె ఆపేయమంటే ఆగుతుందా? ఆపినందుకు మర్నాడు ఇంట్లో మూతి ముడుపు, మాటలు మానేయడం, ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం లాంటివి ఉంటాయా? వచ్చే వారం పాత్రలు తిప్పుదామని ఆమె అడగగలదా? తిప్పాలని కాదు, అడిగే చోటు ఉందా అని. మూడో ప్రశ్నకు చాలామంది భర్తలు నవ్వేస్తారు. ఆ నవ్వు ఎలాంటిదో చూస్తే మిగతా రెండింటికి జవాబు తెలిసిపోతుంది. ఆమెకు సొంత బ్యాంకు ఖాతా, సొంత ఫోను, పుట్టింటికి వెళ్ళే స్వేచ్ఛ లేని ఇంట్లో ఇరవై నాలుగు గంటల డామ్-సబ్ ఒప్పందం గురించి మేము మాట్లాడం. అక్కడ ముందు తేలాల్సిన సంగతులు వేరే.

దీనికి రెండో వైపు లొంగాలని ఉన్న మగవాళ్ళు. కాగితం నింపేటప్పుడు "నాకు చేయడం" గడుల్లో వీళ్ళు మొదట అన్నీ 2 పెడతారు, పెన్ను పక్కన పెట్టి కాసేపు కూర్చుని కొన్ని 5గా దిద్దుతారు. భార్య దృష్టిలో మగతనం తగ్గిపోతుందన్న భయం. కొందరు భార్యలకు నిజంగానే అలా అనిపిస్తుంది, దాన్ని కొట్టిపారేయకూడదు. అలాంటప్పుడు ఆజ్ఞలతో మొదలుపెట్టొద్దు. ఇరవై నిమిషాలకు ఒకే ఒక్క చిన్న నిర్ణయం ఆమె చేతిలో పెట్టాలి: ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, అంతే. రెండోసారికి ఆమె ఇంకోటి కలుపుతుందో, వద్దంటుందో ఆమెదే.

ఆడవాళ్ళు డామ్ అయితే వాళ్ళ మీద పడే అంచనాలు ఇంకా విచిత్రం. నల్ల తోలు బట్టలు, ఎత్తు మడమల బూట్లు, ఎప్పుడూ కోపం, ఎప్పుడూ సిద్ధం. పరిచయం కూడా లేకుండా "మేడం, నన్ను శిక్షించండి" అని సందేశాలు పెట్టేవాళ్ళకు తాము చేస్తున్నదేమిటో తోచదు: తనకు ఆజ్ఞ ఇమ్మని ఆమెకే ఆజ్ఞ వేస్తున్నారు. నేత చీర కట్టుకుని, గొంతు పెంచకుండా "కూర్చో" అనే ఆమెను చూసి నువ్వు డామ్‌లా లేవంటారు. మేము ఇచ్చే సలహా ఒక్కటే. ఆమె కాగితంలో "చేయడం" వైపు 5 పడని పని ఆమె నుంచి ఆశించొద్దు, ఆ పని ఎన్ని సినిమాల్లో కనిపించినా సరే.

పాత్రలు తిప్పి చూడడం అభ్యాసంగా పెట్టాలా వద్దా అన్నదాని మీద మాలో ఇప్పటికీ రెండు పక్షాలు ఉన్నాయి. కట్టేవాళ్ళు ముందు కట్టించుకుని ఉండాలి అనేది పాత లెదర్ బృందాల మాటగా చెలామణి అవుతుంది. ఒంటి మీద చేయి పడితేనే పాత గాయాలు గుర్తుకొచ్చేవాళ్ళకు ఇది శిక్ష. వాళ్ళ మీద రుద్దకూడదని రెండు పక్షాలమూ ఒప్పుకున్నాం. మిగతావాళ్ళకు పది నిమిషాల తిప్పుడు మాత్రం పనికొస్తుంది. నొప్పి లేదు, బట్టలు మారవు.

కావాల్సింది ఆరు మిల్లీమీటర్ల నూలు తాడు, నాలుగు మీటర్లు. నైలాన్ వద్దు. జారుతుంది, ముడి పడ్డాక లాగేకొద్దీ బిగుస్తుంది, గబుక్కున లాగితే చర్మం ఒరుసుకుపోతుంది. మొన మొద్దుగా ఉండే కత్తెర, ఫస్ట్ ఎయిడ్ పెట్టెల్లో కట్లు కోసే రకం, చేతికి అందేంత దగ్గర్లో. చేతులు శరీరానికి ముందు, అరచేతులు ఎదురెదురుగా, మణికట్ల చుట్టూ తాడు పక్కపక్కన పడేలా మూడు నాలుగు చుట్లు. రెండు చేతుల మధ్యలోంచి అడ్డంగా ఒకటి రెండు చుట్లు వేసి, తాడు కింద రెండు వేళ్ళు దూరేంత వదులు చూసుకుని ముడి. రెండు నిమిషాలకోసారి మూడు పరీక్షలు: పిడికిలి బిగించి వదలడం, మణికట్టును వెనక్కి ఎత్తడం, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద మెల్లగా తాకితే తెలుస్తోందా అడగడం. వేళ్ళు చల్లబడినా, రంగు మారినా రక్తం ఆగుతోందని అర్థం. చీమలు పాకినట్టు, మొద్దుబారినట్టు ఉంటే నరం నొక్కుకుంటోంది. ఇది ఎక్కువ ప్రమాదం, వెంటనే విప్పాలి, ముడి రాకపోతే కోసేయాలి. తాడు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. చేతి పైభాగంలో, దండ కండ బయటి వైపు నరం మీద ఒత్తిడి పడితే మణికట్టు ఎత్తలేని స్థితి వారాల తరబడి ఉండిపోవచ్చు, అందుకే ఈ అభ్యాసంలో మోచేతి పైకి పోం. మెడ జోలికి ఎవరూ, ఎప్పుడూ పోకూడదు. గొంతు నొక్కడంలో భద్రమైన పద్ధతంటూ లేదు. కట్టినవాళ్ళు ఆ పది నిమిషాలూ గది దాటకూడదు, ఫోను మోగినా సరే.

ఇది చేసి చూసిన డామ్‌లకు తెలిసేది నొప్పి గురించి కాదు, కాలం గురించి. కట్టించుకున్నవాళ్ళకు ఐదు నిమిషాలు పావుగంటలా సాగుతాయి. వెనక నుంచి వచ్చే మాట అసలుకు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. ముఖ్యంగా, "ఎలా ఉంది" అని అడిగితే నోట్లోంచి "పర్లేదు" అనే వస్తుంది. మనవాళ్ళ మర్యాద అలాంటిది, పులుసులో ఉప్పు ఎక్కువైనా పర్లేదే అంటాం. కాబట్టి బృందంలో పర్లేదు అన్న జవాబును లెక్కలోకి తీసుకోరు, ఆపి అంకె అడుగుతారు. పదిలో ఎంత? ఆరు దాటితే తగ్గించాలి.

సేఫ్ వర్డ్, అంటే సీన్ ఆపడానికి ముందే అనుకున్న మాట, అందరికీ తెలిసిందే. ఎరుపు అంటే ఆపు, పసుపు అంటే తగ్గించు, ఆకుపచ్చ అంటే సాగనివ్వు. మాట రాని స్థితిలో ఉంటే చేతిలో తాళాల గుత్తి పెట్టాలి, కింద పడేస్తే ఎరుపుతో సమానం. తెలియనిదల్లా అది రెండువైపులదీ అన్న సంగతి. డామ్ ఎరుపు అనకూడదు, అంటే నామోషీ అన్న నమ్మకం వల్ల జరిగే ప్రమాదాలు తక్కువేం కావు. చేయి నొప్పెడుతున్నా, తల తిరుగుతున్నా, ఎదుటివాళ్ళ ఏడుపు భరించలేకున్నా బింకంగా సాగదీస్తారు. సీన్ తర్వాత ఒంట్లో వేడి దిగిపోయి, మనసు అడుగంటినట్టు ఉండే స్థితి, డ్రాప్ అంటారు, సబ్‌లకే కాదు డామ్‌లకూ వస్తుంది. కొందరికి ఆ రోజే, కొందరికి ఒకట్రెండు రోజులయ్యాక. ఆఫ్టర్‌కేర్‌లో, అంటే సీన్ తర్వాత ఒకరినొకరు చూసుకోవడంలో, దుప్పటి, నీళ్ళు, ఏదైనా తీపి, కనీసం అరగంట పక్కనే ఉండడం, మర్నాడు ఒక ఫోను ఉంటాయి. ఇవి ఎవరు ఎవరికి చేయాలన్నది పాత్రను బట్టి కాదు, ఎవరికి అవసరమైతే వాళ్ళకు. అదీ ముందే కాగితం మీద రాసుకోవాలి.

ఇంకో నియమం దగ్గర మాత్రం మేము కొంచెం గట్టిగానే ఉంటాం. ఒక సీన్ లోపల పాత్రలు తిప్పకూడదు, ముందు అనుకోనిది కలపకూడదు. తగ్గించడం, ఆపడం ఎప్పుడైనా సరే. పెంచడం మాత్రం ఇంకో రోజు. ఒళ్ళు వేడి మీద ఉన్నప్పుడు నొప్పి తక్కువగా తెలుస్తుంది, దేనికైనా సరే అనాలనిపిస్తుంది. ఆ సరేను మర్నాడు ఒప్పుకోని వాళ్ళను చూస్తూనే ఉంటాం. స్విచ్‌ల మీద నమ్మకం లేదనేవాళ్ళకు కూడా ఇదే సమాధానం: మధ్యలో ఒక రాత్రి గడిస్తే ఎవరు ఎప్పుడు ఏ వైపు ఉన్నారో గందరగోళం ఉండదు. పిలుపు కూడా సాయపడుతుంది. సీన్‌లో మీరు, సీన్ అయిపోయాక పేరు పెట్టి నువ్వు. పేరు వినపడగానే అధికారం తిరిగి ఇచ్చేసినట్టే. అన్నట్టు, ఆఫీసులో పై అధికారి మీద మండిపడుతూ ఇంటికొచ్చిన రోజు బెల్టు తీయకూడదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడానికి ఇది చోటు కాదు.

చట్టం దగ్గర పాత్రలకు విలువ సున్నా. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇష్టపడిన పెద్దల మధ్య, ఇద్దరిదీ ఒకే లింగమైనా, సంబంధం నేరం కాదంది, అది ఎవరితో అన్న ప్రశ్నకు జవాబు. ఏం చేశారు అన్నది వేరే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిది దాటిన మనిషి ఒప్పుకుంటే, చావు గానీ తీవ్ర గాయం గానీ ఉద్దేశం లేని, వచ్చే అవకాశం తెలియని పనికే రక్షణ. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ సరదా కత్తిసాము. పదిహేను రోజులు మామూలు పనులు చేసుకోలేనంత దెబ్బ తీవ్ర గాయం కిందికి వస్తుంది. 28వ సెక్షన్ ప్రకారం భయంతో గానీ, ఏం జరుగుతుందో అర్థం కానంత మత్తులో గానీ ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలే కాదు, మందు వద్దనడానికి ఇదీ కారణం. 77వ సెక్షన్ కింద, తీయడానికి ఒప్పుకున్న ఏకాంతపు ఫోటో అయినా ఆమె ఒప్పుకోకుండా ఇంకొకరికి పంపితే నేరం. పద్దెనిమిది నిండిన భార్య విషయంలో మాత్రం 63వ సెక్షన్ మినహాయింపు వల్ల అత్యాచారం కింద భర్తను చట్టం అడగదు. అంటే పెళ్ళిలో ఆ అడిగే పని ఇద్దరి మధ్యే పూర్తి కావాలి. కొందరు బాండ్ పేపరు కొని, "నేను నా ఇష్టపూర్వకంగా దాసిగా" అని టైపు కొట్టించి నోటరీ దాకా తీసుకెళ్తామంటారు. 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ముందు అది చెల్లని కాగితం, పైగా టైపిస్టుకు కథ, నోటరీకి కథ, వీధికి కథ.

మా కాగితాలకు ఆ గొడవ లేదు, వాటి మీద పేర్లే ఉండవు. ఎవరిది వాళ్ళే పట్టుకెళ్తారు, బృందం దగ్గర ప్రతి ఉండదు, ఫోనులో ఫోటో తీయడం నిషేధం. మూడు నెలలకోసారి పాత అంకెలు చూడకుండా కొత్త కాగితం నింపి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. నాలుగు గడుల కన్నా ఎక్కువ చోట్ల అంకె మారితే పాత ఒప్పందం రద్దు, మొదటి నుంచి మాట్లాడుకోవాలి. ఇరవై నాలుగు గంటల ఒప్పందం పెట్టుకున్న జంటలకు గడువు నెలే. ఆ కూర్చోవడంలో ఇద్దరూ కుర్చీల్లోనే కూర్చోవాలి, ఎవరూ నేల మీద కాదు. ఉద్యోగం, మందులు, జీతం, అమ్మానాన్నల సంగతులు ఒప్పందం బయటే ఉండాలి. కాగితంలో ఒక గడి పెంచాలని ఈమధ్య కొందరు అడుగుతున్నారు: "ఇది నాకు ఇష్టమా, లేక నా పాత్రవాళ్ళకు ఇష్టం ఉండాలని పెడుతున్నానా?" చోటు లేక వెనకవైపు అచ్చువేయిస్తున్నాం.